తల్లి పొడిచే దాకా

మొన్న శుక్లం చూపించుకోవడానికి కంటి ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ నా పెద్ద మనవరాలి కంటే ఓ నాలుగైదేళ్ళు పెద్దది ఉంటుందేమో. గడ్డాన్ని మిషను మీద ఆనించమంది, తల కదపొద్దంది, కంట్లోకి దీపం కొట్టింది. అంతా చూశాక దీపం ఆర్పి, నా ఎడమ కనుబొమ్మ మీద వేలు పెట్టి, "ఈ దెబ్బ ఎప్పటిదమ్మా? పిసరు కిందకి తగిలుంటే కన్నే పోయేది" అంది.

"చిన్నప్పటిది. కోడి పొడిచింది."

ఆ పిల్ల పక్కనున్న నర్సు వైపు చూసి నవ్వింది. "కోడా? మరి మీరేం చేశారు దాన్ని?"

"కూర వండుకున్నాం."

ఇద్దరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఇంటికొచ్చి, చుక్కల మందు వేసుకుని కళ్ళు మూసుకుంటే ఆ నల్లపెట్ట వచ్చి నా గుండెల మీద కూర్చుంది. ఎంత అదిలించినా దిగలేదు.

చిన్నప్పటి కోడిపిల్లల గురించి ఎవరిని అడిగినా దూదిపింజలంటారు, పసుపు ముద్దలంటారు. వాళ్ళు అదృష్టవంతులు. నాకు గుర్తున్నది నెత్తురు.

మా ఇల్లు ఫిషింగ్ హార్బరు వెనక వరసలో ఉండేది. ఇప్పుడు అక్కడ గోడ కట్టి లారీలు పెడుతున్నారు. అప్పట్లో అన్నీ తాటాకు ఇళ్ళే. ఇంటికీ ఇంటికీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. తెల్లారకుండానే బోట్ల ఇంజన్ల చప్పుడు, డీజిలు కంపు, వేలం పాటల అరుపులు మొదలయ్యేవి. ఐసు ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తే అమోనియా ఘాటుకి ముక్కులు మండేవి. పోర్టు వైపు నుంచి వీస్తే ఎర్ర దుమ్ము వచ్చి ఎండేసిన నెత్తళ్ళ చేపల మీద పడేది, వాటిని దులుపుకుని అలాగే వేయించుకుని తినేవాళ్ళం. మా కోళ్ళకి నూకలెక్కడివి? రొయ్య తలలు, చేప పేగులు, అవే మేత. గుడ్డు పగలగొడితే నీచు వాసన గుప్పుమనేది. పద్మనాభం ఊరి వైపు నుంచి మజ్జిగ అమ్మడానికొచ్చే ఆవిడకి మామ్మ ఒకసారి రెండు గుడ్లు ఇవ్వబోతే, దండం పెట్టి వద్దంది.

మామ్మంటే మా అయ్య తల్లి. ఇంట్లో ఆవిడ మాటే చట్టం. అయ్య బోటు మీద కళాసీ, వేటకి పోతే నాలుగు రోజులు, ఒక్కోసారి వారం. అమ్మ చీకటితో జెట్టీకి పోయి చేపలు గంపకెత్తుకుని వీధుల్లో అమ్ముకుని మధ్యాహ్నానికి వచ్చేది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఒక్కదాన్నే పిల్లని కాబట్టి మామ్మ తిట్లూ నావే, మామ్మ కోళ్ళూ నావే.

నల్లపెట్ట ఒళ్ళంతా నలుపు, మెడ దగ్గర మాత్రం తేనె రంగు. మా వరసలో కుక్కలు కూడా దానికి దారి ఇచ్చేవి. ఒక పిల్లిని కంట్లో పొడిచి ఒంటికన్ను పిల్లిని చేసింది. మామ్మకి అదంటే భలే గర్వం. "ఆడదంటే ఇలగుండాల," అనేది, అమ్మకి వినపడేలా. అమ్మ వినిపించుకునేది కాదు.

ఆ ఏడు మండుటెండల్లో పెట్ట పొదుగుకొచ్చింది. పొదుగుకొచ్చిన కోడి గుడ్లు పెట్టడం మానేస్తుంది. ఖాళీ గంప కనిపించినా అందులో చతికిలబడి లేవదు. దగ్గరకి పోతే ఒళ్ళంతా ఉబ్బించి గొంతులో గురగురమంటుంది. ఎండల్లో పొదగేస్తే గుడ్లు ఉడికిపోతాయి కాబట్టి దాని పొదుగు మానిపించాలని మామ్మ తీర్మానించింది. తొట్టినిండా నీళ్ళు పోసి పెట్టని మెడ దాకా ముంచింది, తీసింది, మళ్ళీ ముంచింది. అది గిలగిల్లాడుతుంటే కాళ్ళు పట్టుకున్నది నేను. అయినా లొంగలేదు. తడి ఒంటితోనే పోయి మళ్ళీ గంపలో కూర్చుంది. అప్పుడు మామ్మ దాని రెక్కలోంచే ఒక ఈక పీకి, ముక్కులో ఒక రంధ్రంలోంచి రెండో రంధ్రంలోకి గుచ్చేసింది.

"మామ్మా, నెత్తురొత్తంది," అన్నాను.

"రానీ. ఒంట్లో ఏడి దిగాల. లేపోతే తిండి మానీసి అలగే కూసుని సచ్చిపోద్ది. దాని మంచికే సేత్తన్నాను."

మా ఇంట్లో ఎవరు ఎవరిని కొట్టినా ఆ మాటే అనేవారు.

నాలుగు రోజులు ఆ ఈకతో మూతి నేలకేసి రాసుకుంటూ తిరిగింది. ఐదో రోజు మామ్మ చూడకుండా నేను లాగేశాను. అప్పట్నుంచీ దానికి నేనంటే నమ్మకం. ఒళ్ళో కూర్చోబెట్టుకుని దాని మెడలో పేలు చూసేదాన్ని. ఈకలు విడిపోవడానికి మెడ వెనక నుంచి ఉఫ్‌మని ఊదేదాన్ని. ఊదినప్పుడల్లా చక్కిలిగింత పెట్టినట్టు తల టపటపా విదిలించేది. ఊదడం, అది విదిలించడం, నేను నవ్వడం, ఇదే ఆట. నేనొక్కదాన్నే ఆడిన ఆట అది.

తొలకరి పడగానే పెట్ట మళ్ళీ పొదుగుకొచ్చింది. ఈసారి మామ్మ మురిసిపోయింది. పగిలిన కుండ అడుగులో ఇసక పోసి, బూడిద జల్లి, వేపాకు, పాత వల పీలికలు పరిచింది. పదమూడు గుడ్లు లెక్కపెట్టి ఒకటొకటిగా చేర్చింది. సరి సంఖ్య పెట్టకూడదట. పక్కన ఒక బొగ్గు ముక్క, ఒక ఎండుమిరపకాయ పెట్టి, "ఇనప ముక్క గావాల. ఉరిమితే గుడ్లు మురిగిపోతాయి. ఇనుముంటే ఉరుము దాన్లోకి దిగిపోద్ది," అంది. నేను బోట్లు బాగుచేసే షెడ్డులోకి దూరి నా పిడికిలంత బోల్టు ఒకటి దొంగిలించుకొచ్చాను. "ఇంత పెద్దదేటే, ఉరుముల్నన్నీ మింగీడానికేటి?" అని మామ్మ నవ్వి, దాన్నే పెట్టింది.

పొదగేసిన మూడో రోజున అయ్య వేటకి పోయాడు. నాలుగు రోజుల్లో రావాల్సిన బోటు ఎనిమిదో రోజుకీ రాలేదు. గాలివాన. సముద్రం హార్బరు రాళ్ళ మీదకి ఎక్కి కొట్టేది. ఆడవాళ్ళంతా జెట్టీ మీద తడుస్తూ నిలబడ్డారు. అమ్మ అన్నం మానేసింది, మాట మానేసింది. తొమ్మిదో రోజు సాయంత్రం మామ్మ జుట్టు విరబోసుకుని మా వరస చివర ఉన్న అమ్మవారి గుడికి పోయి, గుమ్మానికి తల బాదుకుంటూ అరిచింది.

"తల్లీ! నా కొడుకుని గట్టెక్కించు! మా నల్లపెట్టని నీ గుమ్మంలో కోసుకుంతాను!"

వరసంతా విన్నది. మర్నాడు మధ్యాహ్నం ఇంజను చెడిపోయిన అయ్య బోటుని ఇంకో బోటు తాడేసి లాక్కొచ్చింది. అయ్య పెదాలు పగిలి, వీపు తోలు పొరలుగా ఊడి, నడిచి ఇంటికొచ్చాడు. కుండెడు చోడి అంబలి నిలబడి తాగేశాడు. అమ్మ ఆయన కాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ కాళ్ళని ఆవిడ అంత గట్టిగా పట్టుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి లేచి కళ్ళు తుడుచుకుని, "అత్తా, రేపే మొక్కు తీర్సీద్దారి," అంది.

అప్పుడు మామ్మ నాలుక కరుచుకుంది. పొదుగు మీద ఉన్న పెట్టని కోయకూడదు. పిల్లల తల్లినీ కోయకూడదు. కోస్తే ఆ ఇంట్లో తల్లీబిడ్డలు విడిపోతారని మా వాళ్ళ భయం. ఇంట్లో ఇంకో నాలుగు పెట్టలున్నాయి. కానీ కొడుకు కోసం అల్లాడుతూ ఆవిడ నోటికొచ్చింది నల్లపెట్ట పేరే. పేరు పెట్టి మొక్కాక మార్చడానికి లేదు. వరసలో ఆడవాళ్ళు నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. "ఒలే ముసిలీ, నీకు పొదుగు మీదున్నదే దొరికిందేటి?"

కులపెద్దని పిలిచారు. ఆ ముసలాయన మా అరుగు మీద కూర్చుని చుట్ట సగం కాల్చి, ఆలోచించి తీర్పు చెప్పాడు. "తల్లి పొడిసే దాకా ఆగండి. అమ్మోరు కూడా తల్లే గదా, ఆగుద్ది."

తల్లి పొడవడమంటే, పిల్లలు ఎదిగాక ఒకరోజు పెట్టే వాటిని ముక్కుతో పొడిచి తరిమేస్తుంది. అంతవరకూ రెక్కల కింద దాచుకున్నదే, ఇక దగ్గరకి రానివ్వదు. ఆ రోజుతో దాని తల్లితనం తీరిపోయినట్టు. ఆ మర్నాడు కోయొచ్చు. మామ్మ పెట్ట కాలికి పసుపు గుడ్డ పీలిక కట్టింది.

అయ్యకి ఇదంతా నవ్వులాట. గంప దగ్గర గొంతుక్కూర్చుని, "ఏటే నల్లీ, నా పానం నీ కాడుందంట గదా? బద్రంగా సూసుకో," అనేవాడు. అమ్మ నవ్వేది కాదు. ఒళ్ళు పూర్తిగా మానకుండానే అయ్య మళ్ళీ వేటకి పోయాడు, పోక తప్పదు. మొక్కు తీరకుండా ఆయన సముద్రం మీదకి పోయిన ప్రతిసారీ అమ్మ గంప దగ్గరకొచ్చి పెట్ట వైపు చూసేది. ఆ చూపు పడినప్పుడల్లా నేను పోయి గంపకి అడ్డంగా కూర్చునేదాన్ని.

ఇరవై ఒకటో రోజుకి పిల్లలు దిగాయి. పది బతికాయి. రెండు గుడ్లు మురిగి పేలాయి. ఒకటి సగం పెంకులోంచి బయటకొచ్చి ఆగిపోతే, పెట్ట దాన్ని కాలితో పక్కకి తోసేసింది. మామ్మ దాన్ని తీసి ఒంటికన్ను పిల్లి ముందు పారేసింది. నేను ఏడిస్తే, "సచ్చినదాని కోసం ఏడిత్తే బతికినవి సత్తాయి," అని నెత్తి మీద మొట్టింది.

హార్బరులో పిల్లల్ని పెంచడమంటే యుద్ధం. చేపలుంటే గద్దలుంటాయి. ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద బారులు తీరి కూర్చునేవి. మొదటి రోజే ఒకటి వచ్చి, మేం చూస్తుండగా ఒక పిల్లని తన్నుకుపోయింది. ఇంకోదాన్ని ఎత్తలేక జార్చేస్తే అది పొట్ట చీలి నా కాళ్ళ ముందు పడింది. గద్దలు గుర్తుపట్టకుండా ఉంటాయని మామ్మ మిగతా పిల్లలకి గులాబీ రంగు పులిమింది. ఆ రంగుతో ఇంకా బాగా కనిపించాయి కాబోలు, వారంలో మరో రెండు పోయాయి. ఆరు మిగిలాయి.

అప్పుడు అయ్య వాకిలి మీద పాత వల కట్టాడు. నాలుగు వాసాలు పాతి, మనిషి ఎత్తున, చేపల కోసం బోటు మీద కట్టినంత శ్రద్ధగా కట్టి మళ్ళీ వేటకి పోయాడు. మూడో రోజు గద్ద వచ్చి తిన్నగా వలలో పడింది. కాళ్ళు చిక్కుకుని, రెక్కలు కొట్టుకుంటూ తలకిందులుగా వేలాడింది. పెట్ట ఎగిరి ఎగిరి దాని ముఖం మీద పొడిచింది. గద్ద గోళ్ళు దాని రొమ్ము చీరేశాయి. ఈకలు, నెత్తురు, ఇసక. నాకేమైందో తెలియదు, గోడకి ఆనించి ఉన్న విరిగిన తెడ్డు తీసుకుని గద్దని కొట్టడం మొదలుపెట్టాను. మొదటి దెబ్బకే దాని రెక్క విరిగిన చప్పుడు వినిపించింది. ఆగలేదు. మామ్మ వచ్చి నా చేతులు పట్టుకునే సరికి అక్కడ గద్దంటూ ఏమీ మిగల్లేదు. నిజం చెప్పాలంటే నాకు చాలా సంతోషంగా ఉంది. జీవితంలో అంత సంతోషం కొద్దిసార్లే కలిగింది.

మామ్మ దాన్ని కాళ్ళు కట్టి వాసానికి వేలాడదీసింది. అది కంపు కొట్టినన్నాళ్ళూ ఇంకో గద్ద రాలేదు. పెట్ట రొమ్ము మీద పసుపు, ఇంజను నూనె కలిపి పూశాను. పూస్తున్నంతసేపూ నన్నేమీ అనలేదు. వేలం దగ్గర ఆడవాళ్ళ గంపల కిందకి దూరి దాని కోసం రొయ్యలు దొంగిలించి తెచ్చేదాన్ని. దొరికితే నడ్డి మీద తన్నేవారు. తన్నులు తిని, రొయ్యలు మాత్రం పిడికిట్లోంచి వదిలేదాన్ని కాదు.

ఎదిగేలోపు ముంగిస ఒకదాన్ని పట్టుకుపోయింది. ఒకటి జబ్బు చేసి పోయింది. నాలుగు మిగిలాయి, మూడు పెట్టలు, ఒక పుంజు. వాటికి రెక్క ఈకలు వస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. అయ్య బోటు ఆ ఉదయమే రావాలి, రాలేదు. అమ్మ జెట్టీ నుంచి పరుగున వచ్చింది. నెత్తి మీద గంప వాకిట్లో పడేసి, చూరులోంచి చేపలు కోసే కత్తి లాగి, పెట్టని రెక్కలు పట్టి ఎత్తేసింది. పిల్లలు నాలుగూ చెల్లాచెదురై కీచుకీచుమని అరిచాయి.

మామ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, వచ్చి కత్తి పట్టుకుంది. పిడి కాదు, అలుగే పట్టుకుంది.

"ఒగ్గీ అత్తా!" అమ్మ గొంతు అమ్మ గొంతులా లేదు. "నీ కొడుకుని నువ్వే సంపుకుంతన్నావ్! ఏరు దాటేక తెప్ప తగలేసినోల్లం అయిపోనాం! అమ్మోరు ఇంకెన్నాళ్ళు సూత్తది?"

"పిల్లల తల్లిని కోసి తెచ్చుకున్న పానం నిలవదే! ఒగ్గీ కత్తి!"

మామ్మ పిడికిట్లోంచి నెత్తురు మోచేతి దాకా కారుతోంది. ఇద్దరూ వదల్లేదు. నేను వెనక నుంచి అమ్మ చీర పట్టుకుని లాగాను. అమ్మ పెట్టని వదిలేసి నా వైపు తిరిగి, ఉన్న బలమంతా పెట్టి చెంప మీద కొట్టింది.

"నీకు అయ్య కావాలా, కోడి కావాలా? సెప్పు!"

నేను మాట్లాడలేదు. రెండోసారి కొట్టింది. "సెప్పు!" మూడోసారి కొట్టింది. నోరంతా ఉప్పగా అయింది. అయ్యని చెప్పాలని నాకు తెలుసు. అయ్య అంటే నాకు ప్రాణం. కానీ రొమ్ము చీరుకుపోయిన పెట్ట గంప వెనక్కి పోయి, రెక్కలు విప్పి పిల్లల్ని పిలుస్తోంది, నాలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆ రెక్కల కిందకి దూరుతున్నాయి. మనసులో నేనన్నది కోడి అనే. అది అమ్మకి వినపడిందేమో, కత్తి పారేసి నేల మీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రానికి అయ్య వచ్చేశాడు. తాడు కట్టిన పెద్ద ఎండ్రకాయని నా ముందు వేలాడదీసి, "ఏటే గుంటా, బుగ్గ అలగ వాసిందేటి?" అన్నాడు. మామ్మ గుడ్డ చుట్టిన చేత్తోనే అన్నం పెట్టింది.

ఆ తర్వాత నేను పెట్ట వెంటే తిరిగాను. అది పిల్లల్ని పొడవకుండా ఉన్నంత కాలం దానికి చావు లేదు. నాకు అది ఒక్కటే అర్థమైంది. పిల్లలు ఎదగకూడదని మేత తగ్గించాను కూడా. అవి నా మాట వింటాయా? దొరికిన చోట పేగులు తిని బలిశాయి.

అయ్య మళ్ళీ వేటకి పోయిన మర్నాడు, పుంజుపిల్ల రెక్కల కిందకి దూరబోతే పెట్ట దాని నెత్తి మీద ఒక్కటి పొడిచింది. పొరపాటేమో అనుకున్నాను. మధ్యాహ్నం ఇంకోదాన్ని పొడిచింది. సాయంత్రానికి నాలుగింటి నెత్తి మీదా నెత్తురు చుక్కలున్నాయి. పిల్లలకి ఏం అర్థం కాలేదు. మళ్ళీ మళ్ళీ దాని దగ్గరకే పోయేవి, మళ్ళీ మళ్ళీ తన్నులు తినేవి. గద్దకి ఎదురు తిరిగిన ఆ ముక్కే ఇప్పుడు వాటిని తరుముతోంది. నాకు దాని మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఒసే పిచ్చిదానా, నీ మెడ నువ్వే కోసుకుంటున్నావే అని దాని ముఖం మీద అరిచాను.

ఎవరికీ చెప్పలేదు. మామ్మ లేచే సరికి తల్లినీ పిల్లల్నీ ఒకే గంప కింద మూసేసేదాన్ని. పైకి చూస్తే సంసారం బాగానే ఉన్నట్టుండేది. లోపల అది వాటిని ఎంత పొడిచేదో నాకు తెలుసు. పిల్లల నెత్తుటి మచ్చల మీద మామ్మ గులాబీ రంగు మళ్ళీ పులిమాను. "అయ్యి పెద్దయిపోనాయి, ఇంకా పొడవనేదేటే?" అని మామ్మ అడిగితే, "నేదు మామ్మా, రెక్కల కిందే తొంగుంతన్నాయి," అన్నాను. అలా ఐదు రోజులు. ఐదు రోజులూ అయ్య సముద్రం మీదే ఉన్నాడు. రోజూ జెట్టీకి పోయి నీళ్ళు చూసేదాన్ని. ఈ ఒక్కరోజే, రేపు చెప్పేస్తానని అమ్మవారికి మొక్కేదాన్ని. మర్నాడు చెప్పేదాన్ని కాదు.

ఆరో రోజు పొద్దున్నే గంప కింద నల్లటి పెట్టపిల్ల ఒకటి కదలకుండా పడి ఉంది. నెత్తి తోలు ఊడిపోయింది. ఊపిరి మాత్రం ఉంది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని పెట్ట ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "నీ పిల్లే గదే, సూడు, ఒక్కసారి రెక్క ఇయ్యి," అని బతిమాలుతూ దాన్ని రెక్క కిందకి తోశాను. పెట్ట మెడ ఉబ్బించింది. నేను ముఖం దగ్గరగా పెట్టి ఇంకా తోశాను. అంతే. ఎగిరి కొట్టింది. ఎడమ కన్నులో నిప్పు పడినట్టైంది, ఆ తర్వాత ఆ కంటికి ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు.

నా కేకకి మామ్మా అమ్మా పరిగెత్తుకొచ్చారు. అమ్మ నా ముఖం పట్టుకుని నీళ్ళతో కడిగి, "కన్నుంది, కన్నుందత్తా," అని ఏడ్చింది. మామ్మ నా వైపు చూడలేదు. ఇసకలో పడి ఉన్న పిల్లని తీసి, దాని నెత్తి మీద రంగుని బొటనవేలితో తుడిచింది. మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని తుడిచింది. రంగు కింద పాత మచ్చలు, కొత్త మచ్చలు.

"ఎన్నాళ్ళయిందే?" అంది.

"అయిదు రోజులు."

అమ్మ చేతులు నా ముఖం మీద ఆగిపోయాయి. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. లేచి, గోడ వైపు తిరిగి నిలబడింది.

మర్నాడు తెల్లవారగానే గుడి దగ్గరకి పోయాం. నా కంటికి పసుపు గుడ్డ కట్టారు, పెట్ట కాలికి ఉన్నటువంటిదే. పెట్టని నేనే మొయ్యాలంది మామ్మ. "నువ్వే పెంచినావు, నువ్వే అట్టుకో." శిక్షగా అందో, హక్కుగా అందో నాకు ఇప్పటికీ తెలియదు. పెట్ట నా చేతుల్లో ఒదిగి కూర్చుంది. నా కన్ను పొడిచిన సంగతే దానికి గుర్తు లేదు.

మా దగ్గర కోయబోయే ముందు కోడి నెత్తిన పసుపు నీళ్ళు చల్లుతారు. అది తల విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు. విదిలించే దాకా కత్తి పెట్టకూడదు. మామ్మ నీళ్ళు చల్లింది. పెట్ట కదల్లేదు. మళ్ళీ చల్లింది. ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నా కళ్ళు ఆర్పుతూ అలాగే కూర్చుంది. మూడోసారి చెంబు మొత్తం గుమ్మరించింది. ఏమీ లేదు.

"ఒప్పుకోటం నేదు," అంది వెనక నుంచి ఎవరో. "ఆలీసం అయిపోనాది గదా. అమ్మోరికి కోపమొచ్చినాది."

మామ్మ ఖాళీ చెంబుని బోర్లించి చూసింది. అమ్మ నా ఎదురుగా నిలబడి ఉంది. చేతులు జోడించి ఉన్నాయి కానీ దండం పెడుతున్నట్టు లేదు, పడిపోకుండా తన చేతుల్ని తనే పట్టుకున్నట్టుంది. పెదాలు తెల్లబడిపోయాయి. ఆవిడ వెనక, ఇళ్ళ సందులోంచి సముద్రం ముక్క ఒకటి కనిపిస్తోంది, ఖాళీగా. అందులో అయ్య బోటు లేదు.

తలవంచి, పెట్ట మెడ వెనక తేనె రంగు ఈకల్లోకి ఉఫ్‌మని ఊదాను.

అది తల టపటపా విదిలించింది.

"ఒప్పీసుకుంది! ఒప్పీసుకుంది తల్లీ!" అని మామ్మ అరిచింది. డప్పు మోగింది. కత్తి ఒక్కసారే ఆడింది. పెట్ట రెక్కలు నా పొట్ట మీద కొట్టుకుంటూ చాలాసేపు ఆగలేదు. నెత్తురు వెచ్చగా నా పాదాల మీద పడింది. నేను తలెత్తేసరికి అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు, అమ్మ మాత్రం నా నోటి వైపే చూస్తోంది.

ఆ మధ్యాహ్నమే అయ్య వచ్చాడు. కూరలో అన్నం కలుపుకుని, "మొక్కు కోడి రుసే ఏరు," అని వేళ్ళు నాకాడు. నా కంటి కట్టు చూసి, "ఏటైందే?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అమ్మ, "పడిపోనాది," అంది. అని, కూరకుండలో గరిటె పెట్టి వెతికి, ఎప్పుడూ అయ్యకే వేసే కార్జం ముక్క తీసి నా కంచంలో వేసింది. నేను తిన్నాను. చాలా బాగుంది. ఇన్నేళ్ళలో నాకు సిగ్గనిపించేది ఆ రుచే.

గుడి దగ్గర చూసింది అమ్మ ఎవరితోనూ చెప్పలేదు, నాతో కూడా. ఆ పూట నుంచి నా మీద చెయ్యి మాత్రం ఎత్తలేదు. నెత్తి ఊడిన నల్లపిల్ల బతికింది, మెడ దగ్గర తేనె రంగు వేసుకుని అచ్చం తల్లిలాగే ఎదిగింది. మరుసటేడు అది పొదుగుకొస్తే మామ్మ దాని కింద పదకొండు గుడ్లు పెట్టింది. దాని మెడలో పేలు నేను చూడలేదు.

అయ్య ఆ తర్వాత ఇంకా ఎన్నో ఏళ్ళు వేట చేశాడు. ముసలివాడై, నేల మీద, తన మంచం మీద, అమ్మ చేతి గంజి తాగుతూ పోయాడు. మామ్మ అంతకు ముందే పోయింది, అమ్మ తర్వాత పోయింది. బతికున్నన్నాళ్ళూ అయ్య వీధి మొదట్లో కనపడి, చేపల సంచీ ఊపుకుంటూ ఇంటికొస్తుంటే, ఆయన్ని చూసి సంతోషపడని రోజు లేదు. ఆ పెట్ట గుర్తుకు రాని రోజూ లేదు.

దాన్ని మీరేం చేశారని డాక్టరమ్మ అడిగింది. కోసింది మామ్మ, వండింది అమ్మ. నీకు అయ్య కావాలా, కోడి కావాలా అని అమ్మ మూడు చెంపదెబ్బలు కొట్టి అడిగితే నేను నోరు విప్పలేదు కదా, అయ్యే కావాలన్న ఆ జవాబుని గుడి ముందు దాని మెడలోకి ఊదాను.